పోయిందా, తీయించుకుందా?

ఆమదాలవలస దగ్గర ఒక జముకుల కథ (జముకు వాద్యంతో పాడే ఉత్తరాంధ్ర జానపద కథ) బృందం గర్భవిచ్ఛిత్తి చట్టం మీద కథ కట్టుకుంటోంది. పాటలు నావి. మొన్న సాధనలో 'ఆమెకు గర్భస్రావమైంది' అన్న చోటికి రాగానే, గుమ్మంలో కూర్చుని చింతపండు గింజలు తీస్తున్న పెద్దావిడ చేయి ఆపి అడిగింది: "పోయిందా, తీయించుకుందా?"

జముకు ఆగిపోయింది. నా దగ్గర జవాబు లేదు.

స్రావం అంటే కారిపోవడం, దానికి కర్త అక్కరలేదు. విచ్ఛిత్తిలో తెంపడం ఉంది, తెంపమన్నదెవరో లేదు. అదే 'తీయించుకుంది' చూడండి. 'ఇంచు' ఉంది కాబట్టి చేసింది వైద్యులు, 'కొను' ఉంది కాబట్టి కోరుకున్నది ఆమె. ఆ 'కొను' తీసేసి 'తీయించారు' అంటే నిర్ణయం అత్తింటివాళ్ల చేతికి వెళ్లిపోతుంది. 1971 చట్టం ప్రకారం మేజరైన స్త్రీకి ఆమె సమ్మతి చాలు, భర్త సంతకం అక్కరలేదు. గర్భనిరోధకం విఫలమైన సందర్భం గురించి చెప్పేచోట, 2021 సవరణలో 'వివాహిత, ఆమె భర్త' అన్నదాన్ని 'స్త్రీ, ఆమె భాగస్వామి' అని మార్చారు. అంటే చట్టం కూడా మాట మార్చుకునే ముందుకు నడిచింది.

ఈ తేడా తెలియజేయడానికి ఒక ప్రాణం పోయింది. బెళగావి అమ్మాయి సవితా హలప్పనవార్‌కు 2012లో ఐర్లండ్‌లోని గాల్వేలో గర్భస్రావం తప్పదని తేలింది. తీసేయమని ఆమె అడిగితే, పిండం గుండె ఇంకా కొట్టుకుంటోందని నిరాకరించారు. అక్టోబరు 28న ఆమె చనిపోయింది. గర్భవిచ్ఛిత్తిని అప్పట్లో అక్కడి రాజ్యాంగమే నిషేధించేది. ఆ తర్వాతి ఉద్యమంలో అక్కడి కళాకారులు ఎంచుకున్నది ఒకే మాట: 'రిపీల్', రద్దు చేయండి. నల్ల చొక్కాల మీద తెల్లగా అచ్చువేశారు. డబ్లిన్‌లో ఒక కళాకేంద్రం గోడ మీద ఎర్రటి గుండె బొమ్మలో రాస్తే 2016లో ఒకసారి, 2018లో ఒకసారి దాని మీద రంగు పూయించారు. 2018 మే 25న ఓటు వేసినవాళ్లలో 66.4 శాతం మంది ఆ రాజ్యాంగ నిషేధాన్ని తీసేయమన్నారు.

మరి పల్లవిలో ఏ మాట పెట్టమంటారు?

దీనికి బొబ్బిలి నుంచి మా గ్రూపు సభ్యురాలు ఒకామె జవాబు: అక్కా, 'కడుపు తీయించుకుంది' అంటే మా వీధిలో నింద. చాటుగా అనే మాట. కథలో వినిపిస్తే ఆడవాళ్లు లేచి వెళ్లిపోతారు. 'అబార్షన్' అనండి, అందరికీ తెలుసు.

నా జవాబు: నిజమే చెల్లీ, ఆ నింద నేనూ విన్నాను. నామవాచకం నీదే తీసుకుంటాను. కానీ 'అబార్షన్ అయింది' అంటే పెద్దావిడ ప్రశ్న అలాగే మిగిలిపోతుంది. అందుకని 'చేయించుకుంది' అనే రాస్తున్నాను. ఆదివారం ఆవిడ ముందే పాడిస్తాను.