తొందరపడి నడిపిస్తేనే స్క్రూ బయటికొస్తుందా?

గుంటూరు అబ్బాయి:
అమ్మకు 78 ఏళ్లు. బాత్రూంలో జారిపడి తుంటి దగ్గర ఎముక విరిగితే రాడ్, స్క్రూ వేశారు. ఏడో వారంలో మళ్లీ నొప్పి, కాలు పొట్టిగా కనిపించింది. ఎక్స్‌రే తీస్తే స్క్రూ తొడ ఎముక తలను (తుంటి కీలులో తిరిగే గుండ్రని కొసను) చీల్చుకుని కీలులోకి వచ్చేసింది. "ముందే నడిపించేశారు" అన్నారు డాక్టరుగారు. వాకర్ పట్టించి రోజూ నడిపించింది నేనే. తప్పు నాదేనా?

సుబ్బు, రాజమండ్రి:
బాధపడకండి గానీ, కొంత మీదే. మా నాన్నను ఆరు వారాలు కాలు కింద పెట్టనివ్వలేదు. చక్కగా అతుక్కుంది. పచ్చి ఎముక మీద బరువు మోపితే ఏ రాడ్ ఆగుతుంది?

ఫిజియో అక్క:
సుబ్బుగారూ, మీ నాన్నగారి అదృష్టం బాగుంది. ఈ వయసువాళ్లను ఆరు వారాలు మంచంలో పడుకోబెడితే వీపున పుండ్లు, నిమోనియా, కాళ్లలో రక్తం గడ్డలు. బ్రిటన్‌లో నైస్ అనే ప్రభుత్వ వైద్య సంస్థ మార్గదర్శకాలు ఆపరేషన్ మర్నాడే లేపమంటాయి. పైగా "సగం బరువే మోపండి" అంటే ముసలివాళ్లు మోపగలరా? చేతుల్లో అంత బలం ఉండదు.

ఆర్థో పీజీ:
స్క్రూ ఇలా ఎముక తలను చీల్చుకుని రావడాన్ని మేం కటౌట్ అంటాం (సినిమా హాలు ముందు పెట్టేది కాదు). నడక కంటే ముందు చూడాల్సింది స్క్రూ ఎక్కడ కూర్చుందన్నది. స్క్రూ మొన నుంచి ఎముక తల కొస దాకా ఉన్న దూరాన్ని ముందు నుంచి తీసిన ఫిల్మ్‌లోనూ, పక్క నుంచి తీసిన ఫిల్మ్‌లోనూ కొలిచి కలుపుతాం. 1995లో బౌమ్‌గార్ట్‌నర్ అనే సర్జన్ బృందం 198 ఫ్రాక్చర్లు చూస్తే, ఆ మొత్తం 25 మిల్లీమీటర్ల లోపున్న 120 స్క్రూల్లో ఒక్కటీ బయటికి రాలేదు. విరిగిన ముక్కల్ని సరిగ్గా కూర్చకుండా, వంకర మీదే రాడ్ దించినా ఇదే గతి.

సుబ్బు, రాజమండ్రి:
అంటే తప్పంతా సర్జన్‌దే అంటారా? రోజూ సర్జన్లతో పనిచేసేవాళ్లు అలా అనగలరా!

ఆర్థో పీజీ:
అనలేదండీ. ఎముక బాగా గుల్లబారితే సరైన చోట వేసిన స్క్రూ కూడా జారొచ్చు. ఫిల్మ్ చూడకుండా ఎవరి తప్పో తేల్చొద్దంటున్నాను, కొడుకుదైనా సరే. గుంటూరుగారూ, ఆపరేషన్ అయిన రోజు తీసిన రెండు ఫిల్ములూ అడిగి తీసుకోండి. చాలాసార్లు ఈ దశలో కీలు మార్పిడే చేస్తారు. దానికి ముందు లోపల ఇన్‌ఫెక్షన్ లేదని తేలాలి. ఎముక గట్టిపడే మందు ఎవరైనా రాశారా?

గుంటూరు అబ్బాయి:
లేదు, కాల్షియం బిళ్లలే. ఫైల్లో ముందు నుంచి తీసిన ఫిల్మ్ ఒక్కటే ఉంది, రేపు వెళ్లి రెండోది అడుగుతా. ఇదంతా చదివి వినిపిస్తే అమ్మ, "నువ్వు నడిపించినప్పుడు ఏమీ కాలేదురా. ఒకరోజు రాత్రి నిన్ను లేపడం ఎందుకని నేనే లేచి బాత్రూంకి వెళ్లా, అప్పుడు కలుక్కుమంది" అంటోంది. ఇన్నాళ్లూ చెప్పలేదు.