వాషకీ ఛాయాచిత్రంలోని ముఖాన్ని ఎలా చదవాలి?

ప్రశ్న:
అమెరికా ఆదివాసులైన షోషోనీల నాయకుడు వాషకీ పొగాకు పైపు చేతపట్టుకొని కూర్చున్న 1880ల నాటి ఛాయాచిత్రం ఒకటి అమెరికా నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉంది. తీసినవారు బేకర్ అండ్ జాన్‌స్టన్ అనే స్టూడియోవారు. ఆ ముఖంలోని బిగువును చాలామంది ఓడిపోయిన యోధుడి విషాదంగా వర్ణిస్తుంటారు. అది ఎంతవరకు సబబు? మేనిఛాయ నిజంగానే అంత ముదురుగా ఉండేదా? తెలిసినవారు వివరించగలరు.

మొదటి సమాధానం:
ముందుగా రంగు సంగతి చెబుతాను. ఆనాడు ఫిల్ముకు బదులు వాడిన గాజు ప్లేట్లు నీలి కాంతినే బాగా గ్రహించేవి. ఎరుపు, పసుపు వన్నెలు వాటికి దాదాపు అందేవి కావు. అందువల్ల నీలాకాశం తెల్లగా వెలిసిపోతుంది, ఎర్రపూసలు నల్లపూసలవుతాయి, గోధుమవన్నె చర్మం ఉన్నదానికంటే బాగా ముదిరి కనిపిస్తుంది. ఇక బిగువంటారా, కదిలితే బొమ్మ చెదిరిపోతుందని స్టూడియోలో ఎవరినైనా అలాగే కూర్చోబెట్టేవారు. తల కదలకుండా వెనుక ఇనుప ఊతం కూడా పెట్టేవారు. మెడకు ఇనుము ఆనించుకొని చిరునవ్వు నవ్వడం ఎవరి తరం?

రెండవ సమాధానం:
‘ఓడిపోయిన’ అన్న మాటే ఇక్కడ పొసగదు. వాషకీ అమెరికా సైన్యంతో పోరాడి ఓడినవాడు కాడు. 1868 జూలై 3న ఫోర్ట్ బ్రిడ్జర్‌లో ఒప్పందం చేసుకొని, నేటి వయోమింగ్‌లోని విండ్ నది లోయను తనవారికి నిలిపినవాడు. 1876లో అమెరికా సైన్యానికి చెందిన జనరల్ క్రూక్ సేనకు తోడుగా షోషోనీలు లకోటా తెగవారిపై పోరాడారు. 1878లో అక్కడి సైనిక శిబిరానికి ఆయన పేరే పెట్టారు. అయితే ఆ ఏడాదే, తరతరాల శత్రువులైన అరపాహో తెగవారిని తాత్కాలికమంటూ ప్రభుత్వం అదే లోయలో తెచ్చి దింపింది. వారు మళ్లీ కదలలేదు. బొమ్మలో విషాదమే వెతకదలిస్తే, యుద్ధంలో కాక ఈ మాట తప్పడంలో వెతకడం న్యాయమని నా అభిప్రాయం.

మూడవ సమాధానం:
పై ఇద్దరితో ఏకీభవిస్తూనే ఒక జాగ్రత్త చెప్పదలిచాను. ఛాయాచిత్రాన్ని అంటించిన అట్ట అడుగున అచ్చయిన పేరునుబట్టి మాత్రమే తీసినవారెవరో తేల్చవద్దు. ఒకరి బొమ్మకు మరొకరు నకలు తీసి, తమ అట్టకు అంటించి అమ్మడం అప్పట్లో మామూలే. వాషకీ ఎడమ చెంపపై బాణం దెబ్బ మచ్చ ఉండేది. మీరు చూస్తున్న ప్రతిలో అది ఆయన కుడి చెంప మీద కనిపిస్తే, ఆ బొమ్మను తిరగేసి ముద్రించారన్నమాట. మచ్చ అసలే కనిపించకపోయినా ఆయన కాదనుకోనక్కరలేదు, ఎందుకంటే నెగటివ్ మీద పెన్సిలుతో ముడతలూ మచ్చలూ కప్పివేయడం స్టూడియోవారికి రోజువారీ పని.