గ్రీక్ పార్సిల్ హోటల్‌కు ఒక్క నక్షత్రం: గైరోలో ఏ మాంసం ఉందో చెప్పకపోవడం అంత పెద్ద తప్పా?

నేపర్‌విల్ పాఠకురాలు (చర్చ ప్రారంభం)

షికాగో పశ్చిమ శివార్లలో, అరోరా బాలాజీ గుడికి వెళ్లివచ్చే కుటుంబాలు తరచుగా ఆగే ఒక చిన్న గ్రీక్ పార్సిల్ హోటల్ ఉంది. నా ప్రశ్న ఆ ఒక్క హోటల్‌కు సంబంధించినది కాదు కనుక పేరు రాయడం లేదు. అక్కడి చికెన్ సువ్లాకి (ఊచకు గుచ్చి కాల్చిన ముక్కలు), నిమ్మరసంలో ఉడికించిన బంగాళాదుంపలు, పాలకూర నింపిన పొరల రొట్టె చాలా బాగుంటాయని రివ్యూలలో అందరూ రాస్తారు, నేనూ కాదనను. అయితే ఊచ మీద తిప్పి కాల్చి, పిటా రొట్టెలో చుట్టి ఇచ్చే మాంసానికి బోర్డు మీద "గైరో" అని మాత్రమే ఉంటుంది. మొదటిసారి వెళ్లినప్పుడు "ఇది ల్యాంబేనా (గొర్రెపిల్ల మాంసమేనా)?" అని కౌంటర్ దగ్గర అడిగితే, అక్కడున్న కుర్రవాడు అవునన్నాడు. ఆ మాట నమ్మి మా ఇంట్లో అందరం తిన్నాం. అందులో బీఫ్ ఉంటుందని ఆ తర్వాత వేరొకరి రివ్యూలో చదివి, ఫోన్ చేసి అడిగితే, బీఫ్, ల్యాంబ్ రెండూ కలిసి ఉంటాయని యజమాని నిదానంగానే చెప్పారు. మా అత్తగారు ఆ రోజంతా ఏమీ తినలేదు. నేను ఒక్క నక్షత్రం ఇచ్చి, కారణం స్పష్టంగా రాశాను. అది అన్యాయమని మా తెలుగు బృందంలో కొందరు అంటున్నారు. వంట రుచిగా ఉండి, ధర సరసంగా ఉండి, శుభ్రత బాగున్న చోట, అడిగిన ప్రశ్నకు తప్పు సమాధానం వచ్చినందుకు ఒక్క నక్షత్రం ఇవ్వడం సబబా కాదా అన్నది చర్చించాలని కోరుతున్నాను.

హాల్‌స్టెడ్ వీధి

సబబు కాదని నా అభిప్రాయం. షికాగోలో గైరో అంటే బీఫ్, ల్యాంబ్ కలిపి రుబ్బి శంకువు ఆకారంలో అదిమిన మాంసమే, అది నిన్నమొన్న వచ్చిన పద్ధతి కాదు. హాల్‌స్టెడ్ వీధిలోని గ్రీక్‌టౌన్‌లో 1968లో మొదలైన పార్థెనాన్ రెస్టారెంట్, 2016లో మూతపడేదాకా, అమెరికాకు గైరోను పరిచయం చేసింది తామేనని చెప్పుకునేది. ఆ గొప్ప తమదేనని అనేవారు ఇంకా ఉన్నారు, ఆ తగువు మనకు అనవసరం. 1970లలో ఈ శంకువులను ఫ్యాక్టరీలో తయారు చేసి దేశమంతటికీ పంపే వ్యాపారం షికాగో, మిల్వాకీ పరిసరాల్లోనే పుట్టింది. క్రోనోస్, గ్రీషియన్ డిలైట్ వంటి కంపెనీలు ఇక్కడివే. ల్యాంబ్ ఖరీదైనది, పైగా దాని వాసన అమెరికన్లలో చాలామందికి పడదు. అందువల్ల బీఫ్ ఎక్కువగా, ల్యాంబ్ తక్కువగా కలపడం స్థిరపడింది. యాభై ఏళ్లుగా ఊరంతటికీ తెలిసిన విషయాన్ని ఒక చిన్న హోటల్ బోర్డు మీద రాయలేదని దానిని దోషిగా నిలబెట్టడం తగదు. ఊరికి కొత్తగా వచ్చినవారు ఒకటికి రెండుసార్లు అడిగి తెలుసుకోవడం మంచిది.

వంటింటి మనిషి

ఇలాంటి హోటళ్ల వంటింట్లో చాలా ఏళ్లు పనిచేసినవాడిని కనుక, బయటివారికి కనిపించని కొన్ని సంగతులు చెప్పాలనుకుంటున్నాను.

శంకువు హోటల్‌కు గడ్డకట్టిన స్థితిలో అట్టపెట్టెలో వస్తుంది. పెట్టె మీద దినుసుల పట్టిక తప్పనిసరిగా ఉంటుంది, బరువులో ఏది ఎక్కువైతే అది ముందు రావాలన్నది ఇక్కడి నియమం. నేను చూసిన పెట్టెల మీద మొదటి మాట బీఫ్, దాని తర్వాతే ల్యాంబ్, ఆ తర్వాత రొట్టెపొడి, నీళ్లు, ఉల్లి, వెల్లుల్లి, ఒరెగానో, ఉప్పు. రొట్టెపొడి ఉంటుందన్న సంగతి గోధుమ పడనివారికి కూడా తెలియాలి. కనుక లోపల ఏముందో యజమానికి తెలియదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. అయితే కౌంటర్‌లో నిలబడే కుర్రవాడు చాలాసార్లు వారం క్రితం చేరిన కాలేజీ విద్యార్థి. అతను పెట్టె విప్పి ఉండడు. "ల్యాంబేనా?" అని అడిగితే, ల్యాంబ్ కూడా ఉన్నట్టు విని ఉంటాడు కనుక అవునంటాడు. అందులో మోసగించాలన్న ఆలోచన లేకపోవచ్చు. కానీ తినేవారికి జరిగే నష్టం మాత్రం అంతే.

మాంసం ఎలాంటిదో కంటితోనే పోల్చుకోవచ్చు. ఊచ మీద తిరుగుతున్న ముద్ద నున్నగా, వంకర లేకుండా, పైనుంచి కిందిదాకా ఒకే రంగులో ఉంటే అది రుబ్బి అదిమినది. కోసినప్పుడు పొడవాటి, సమానమైన పలుచని పట్టీలుగా రాలుతుంది. ముక్కల మీద ముక్కలు పేర్చినదైతే అంచులు ఎగుడుదిగుడుగా ఉంటాయి, పొరల మధ్య కొవ్వు తెల్లగా కనిపిస్తుంది, కోస్తే చిన్నా పెద్దా తునకలు పడతాయి. నున్నటి శంకువు కనిపిస్తే అందులో బీఫ్ ఉందనే అనుకుని, కాదని పెట్టె మీద చూపించినప్పుడే నమ్మండి.

ఇక నక్షత్రాల సంగతి. హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌కు చెందిన మైఖేల్ లూకా సియాటిల్ రెస్టారెంట్లను పరిశీలించి 2011లో వెలువరించిన అధ్యయనంలో, యెల్ప్ అనే రివ్యూ సైట్‌లో రేటింగ్ ఒక నక్షత్రం పెరిగితే ఆదాయం 5 నుంచి 9 శాతం దాకా పెరుగుతుందని తేలింది. ఆ ప్రభావం సొంతంగా నడిచే చిన్న హోటళ్ల మీదే కనిపించింది, పెద్ద గొలుసు సంస్థల మీద కాదు. ఇంటికి తెచ్చిచ్చే యాప్‌లు బిల్లులో 30 శాతం దాకా తీసుకుంటున్న ఈ వ్యాపారంలో 5 శాతం అంటే ఒక మనిషి జీతం ఉండడమో పోవడమో. "పిటా మెత్తబడిపోయింది" అని తక్కువ రేటింగ్ ఇచ్చేవారిని చూసినప్పుడు నాకు నిజంగా కష్టంగా ఉంటుంది, ఎందుకంటే వేడి మాంసం, టమాటా, జాజికి అనే పెరుగు పచ్చడి కలిపి రేకులో చుట్టిన రొట్టె కారులో అరగంట ప్రయాణిస్తే ఆవిరికి నానక తప్పదు, ఆ లోపం వండినవారిది కాదు. ఆ ఫిర్యాదును, ఈ పాఠకురాలి ఫిర్యాదును ఒక గాటన కట్టలేం. ఇది ఇంట్లో సరిదిద్దుకోగలిగిన అసౌకర్యం కాదు, తిన్నాక వెనక్కి తీసుకోలేనిది. అందుకే, మా వృత్తివారికి ఇబ్బంది అయినా, ఆవిడ వైపే మాట్లాడుతున్నాను.

శాకాహారి, అరోరా

మాంసం తినేవారికి ఒక్క శంకువు గురించే బెంగ. మాకు బోర్డులోని ప్రతి పంక్తి దగ్గరా ఆగి అడగాల్సి వస్తుంది. ఫలాఫెల్ అనే సెనగల వడ గ్రీకు వంటకం కాకపోయినా మా కోసమే ఇక్కడి గ్రీక్ పార్సిల్ హోటళ్లు అమ్ముతాయి, కానీ చాలాచోట్ల చికెన్, చేపలు వేయించిన నూనెలోనే దాన్నీ వేయిస్తారు. పచ్చగా, నిమ్మవాసనతో మన పులిహోరలా కనిపించే అన్నం చికెన్ రసంలో ఉడికి ఉండవచ్చు. ఆ నిమ్మ బంగాళాదుంపల సంగతీ అంతే. అవ్గొలెమొనో అనే నిమ్మ సూప్‌లో గుడ్డు, చికెన్ రసం రెండూ ఉంటాయి. ఫెటా చీజ్‌ను సంప్రదాయ పద్ధతిలో విరవడానికి వాడే రెన్నెట్ గొర్రెపిల్లల, మేకపిల్లల కడుపు నుంచి తీసినది. వీటిలో ఏదీ ఎవరూ దాచిపెట్టడం లేదు, కానీ ఎవరూ తమంతట తాము చెప్పడమూ లేదు.

మన వాళ్లకు ఉపయోగపడే మాట ఒకటుంది. గ్రీక్ ఆర్థడాక్స్ క్రైస్తవులు ఈస్టర్‌కు ముందు పెద్ద ఉపవాస దినాల్లో మాంసం, పాలు, గుడ్లు ముట్టరు. ఆ రోజుల వంటలను "నిస్తీసిమా" అంటారు. యజమాని గ్రీకు కుటుంబం నుంచి వచ్చినవారైతే ఈ ఒక్క మాట అడిగి చూడండి, సాధారణంగా బోర్డు మీద లేని చిక్కుడు గింజల కూర, పప్పు ముద్ద, ఆలివ్ నూనెలో మగ్గిన కూరగాయలు దొరికే అవకాశం ఉంది. వారి నియమంలో రక్తం లేనివిగా భావించే రొయ్యలు, ఆక్టోపస్, స్క్విడ్‌లకు మినహాయింపు ఉంటుంది కనుక, ఆ ఒక్కటీ తప్పించమని విడిగా చెప్పాలి. ఉపవాస నియమం అంటే ఏమిటో తరతరాలుగా తెలిసిన ఆ ఇంటివారికి మన అత్తగారి బాధ అర్థం కాదని నేననుకోను. ఆవిడ ఇచ్చిన ఒక్క నక్షత్రం గురించి నాకు సందేహం ఉంది గానీ, యజమానితో మాట్లాడటం మంచిదనడంలో సందేహం లేదు.

సలోనికా విద్యార్థి

నేను థెస్సలొనీకిలో చదువుకున్నాను. గ్రీసులో గైరో అంటే ఎక్కువగా పంది మాంసం, లేదంటే చికెన్. ముక్కలు పేర్చి కాల్చి, పిటాలో వేయించిన బంగాళాదుంపలతో సహా చుట్టి ఇస్తారు. సలాడ్‌లో ఆకుకూర ఉండదు, టమాటా, దోసకాయ, ఉల్లి, ఆలివ్‌ల మీద ఫెటా పలక పెట్టి ఇస్తారు. ఐరోపాలో 2002 నుంచి ఫెటా పేరుకు రక్షణ ఉంది, గొర్రెపాలతో, లేదా 30 శాతం మించకుండా మేకపాలు కలిపి గ్రీసులో చేసినదే ఫెటా. ఇక్కడ ఆవుపాలతో చేసినదాన్నీ ఆ పేరుతోనే అమ్ముతారు. కాబట్టి రేటింగ్ ఇవ్వాలంటే అసలు గ్రీకు వంటకు ఎంత దగ్గరగా ఉందన్న కొలమానం మీద ఇవ్వాలని, శంకువు మాంసం అమ్మే చోట ఎవరైనా మూడు నక్షత్రాలు దాటకూడదని నా ఉద్దేశం.

కర్నూలు అబ్బాయి

సలోనికా మిత్రమా, మీ కొలమానంతో మేం అక్కడ తినడానికి మిగిలేది ఏమీ లేదు. మాకు బీఫ్‌తో పేచీ లేదు. తెలుగువారందరికీ ఉందనుకోవడమూ సరికాదు, ఈ చర్చలో ఆ మాట ఒక్కరైనా అనాలి. మా ప్రశ్నలు వేరు: మాంసం హలాల్‌దేనా, అసలైన గ్రీకు పద్ధతి అంటూ పంది గైరో కూడా పెట్టినచోట అదే కత్తితో చికెన్ కోస్తున్నారా? ఎంత అసలైనదన్న దాని మీద నక్షత్రాలు ఇస్తే, అది ఎవరు తినవచ్చో ఎవరు తినకూడదో చదివేవారికి తెలియదు. నా మటుకు నేను ఆ పాఠకురాలి రివ్యూ చదివి ఉంటే, నక్షత్రాల సంఖ్య చూడకుండానే ఆవిడకు కృతజ్ఞత చెప్పేవాడిని. కావలసిన సమాచారం ఆ నాలుగు వాక్యాల్లో ఉంది.

నేపర్‌విల్ పాఠకురాలు

అందరికీ ధన్యవాదాలు. హాల్‌స్టెడ్ వీధి గారి వాదనకు సమాధానం చెప్పాలి. ఊరంతటికీ తెలుసు కనుక చెప్పనక్కర్లేదన్న మాట ఎవరిని ఊరివారిగా లెక్కిస్తుందో ఆలోచించండి. ఈ శివార్లలో ఇప్పుడు ఆ హోటల్ గిరాకీలో మన వాళ్లు గణనీయంగా ఉన్నారు, శనివారం సాయంత్రం అక్కడి వరుసలో నిలబడితే చెవిన పడేది తెలుగే. మెక్‌డొనాల్డ్స్ బంగాళాదుంప వేపుళ్లలో బీఫ్ సంబంధమైన రుచి కలుపుతున్నారని 2001లో సియాటిల్‌లో కేసు వేసినప్పుడు కూడా, అది అందరికీ తెలిసిందే కదా అన్నవారు ఉన్నారు. మరుసటి ఏడాది ఆ సంస్థ క్షమాపణ చెప్పి, శాకాహార, హిందూ సంస్థలకు, మరికొన్నింటికి కలిపి కోటి డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకుంది. అంత పెద్ద సంస్థ విషయంలో న్యాయమైనది చిన్న హోటల్ విషయంలో అన్యాయం ఎలా అవుతుంది? నేను కోరేది డబ్బు కాదు. బోర్డు మీద గైరో అన్న మాట పక్కన "బీఫ్, ల్యాంబ్" అన్న రెండు మాటలు చేర్చడం, కౌంటర్‌లో చేరినవారికి మొదటి రోజే ఆ పెట్టె చూపించడం. అడగనందుకు మోసపోయానని నేను అనడం లేదు. నేను అడిగాను, అందుకే ఈ ఫిర్యాదు.

హాల్‌స్టెడ్ వీధి

అడిగారన్న ఒక్క అంశం దగ్గర నా వాదన బలహీనపడుతుందని ఒప్పుకుంటాను. బోర్డు మీద లేకపోవడం వేరు, అడిగితే తప్పు చెప్పడం వేరు. అయినా మీరు ఉదాహరణగా తెచ్చిన కేసుకూ దీనికీ తేడా ఉందనే అంటాను. అక్కడ వేపుళ్లను కూరగాయల నూనెలో వేయిస్తున్నామని సంస్థే ప్రకటించుకుని, ఆ మాట నమ్మేలా చేసింది. ఇక్కడ యజమాని ఫోన్‌లో అడగగానే నిజం చెప్పారు. ఒక్క నక్షత్రం ఆయనకూ, కావాలని అబద్ధమాడే మనిషికీ తేడా లేకుండా చేస్తుంది. ఆయన సువ్లాకి గురించి, శుభ్రత గురించి మీరే ఇక్కడ మంచిగా రాశారు, ఆ వాక్యాలు మీ రివ్యూలో ఉన్నాయా? లేకపోతే, చదివేవారికి సగమే తెలుస్తుంది. రెండు నక్షత్రాలో మూడో ఇచ్చి, మొదటి పంక్తిలోనే "గైరోలో బీఫ్ ఉంది" అని రాస్తే, తెలియాల్సినవారికి తెలుస్తుంది, వంటింట్లో ఉన్నవారి కష్టమూ వృథా పోదు.

వంటింటి మనిషి

ఒక చిన్న సవరణ. రివ్యూ మొదటి పంక్తిలో రాయడం మంచిదే, కానీ అది కిందికి జారిపోతుంది, కొత్త రివ్యూలు పైకి వస్తాయి. బోర్డు అక్కడే ఉంటుంది. యజమానికి పని ఒత్తిడి తక్కువగా ఉండే సమయం మధ్యాహ్నం రెండున్నర, నాలుగు మధ్య. శంకువు పెట్టె మీది పట్టికను చూపించమని అప్పుడు అడగండి, బోర్డు మీద ఆ రెండు మాటలు చేర్చమని కూడా అప్పుడే చెప్పండి. చేర్చిన రోజున నక్షత్రాలు మార్చడానికి మీరు సిద్ధమేనా అన్నది మాత్రం ముందే ఆయనకు చెప్పాలని నా అభిప్రాయం.

నేపర్‌విల్ పాఠకురాలు

సిద్ధమే. బోర్డు మారేదాకా ఒక్కటే, మారిన రోజున నాలుగు. ఐదోది కౌంటర్‌లోని కుర్రవాడు ఇచ్చే సమాధానాన్ని బట్టి.