పలువురితో నిగ్రహించా, విగ్రహించా?

మహేంద్రతనయ (పర్లాకిమిడి): సుమతి శతకంలో బలవంతుడి పద్యం రెండో పాదం ఎవరైనా సరిగ్గా చెప్పండి. "బలవంతుఁడ నాకేమని" తర్వాత "పలువురితో విగ్రహించి పలుకుట మేలా" అని నా నోటికి వస్తోంది. మా ఆవిడేమో "నిగ్రహించి" అంటోంది. మావాడు బరంపురంలో చదువుకుంటూ స్నేహితులతో బ్యాండ్ కట్టాడు. ఆదివారం అమెరికన్ రాక్ బ్యాండ్ పెర్ల్ జామ్ వాళ్ల 'జెరెమీ' పాడేముందు ఈ పద్యం చదువుతాడట. బడిలో అందరూ ఏడిపించిన పిల్లాడి పాట కదా, నప్పుతుందని వాడి ఊహ.

వంశధార (గుణుపురం): నిగ్రహించి. నేను చూసిన ప్రతుల్లో అంతే ఉంది. అడగాల్సిన ప్రశ్నేనా ఇది?

చలిచీమ (రాయగడ): ప్రతి చూపిస్తే సరిపోతుందా వంశధార గారూ? పలువురిని నిగ్రహిస్తారు (అణచేస్తారు) గానీ, పలువురి'తో' నిగ్రహించడమేమిటి? సంధి, విగ్రహం అంటామే, అంటే పోరు, ఆ విగ్రహమైతే 'తో' హాయిగా కుదురుతుంది. శతకం బద్దెనదే అనుకుంటే, నీతిశాస్త్ర ముక్తావళి రాసినాయనకు ఆ మాట కొత్తా?

వంశధార: 'తో' వెళ్లి 'పలుకుట'ను పట్టుకుంటుంది. పలువురితో, నిగ్రహించి, పలుకుట. ఈ రోజుల్లో అన్వయం చేసుకునే ఓపిక ఎవరికుందిలెండి.

గోపాల్‌పూర్ గాలి: ఛందస్సును సాక్ష్యానికి పిలుద్దామనుకున్నా, రాలేదు. 'గ్ర' ముందుంది కాబట్టి 'ని' అయినా 'వి' అయినా గురువే. యతి 'ప'కూ 'ప'కూ, ప్రాస 'ల'. కందానికి ఈ తగాదాతో సంబంధం లేదు. మీరు కానివ్వండి.

కొలాబు (జయపురం): అసలు ఆ పాటకు ఈ పద్యం నప్పుతుందా అని ఎవరూ అడగరేం? పద్యంలో బలవంతుడు ఒక్కడు, చీమలు బోలెడు. తరగతి గదిలో ఆ లెక్క తిరగబడుతుంది, బలమంతా గుంపుదే. 1991 జనవరిలో టెక్సస్‌లో 15 ఏళ్ల కుర్రాడొకడు తరగతిలోనే ప్రాణం తీసుకున్నాడు. పేపర్లో ఆ చిన్న వార్త చూసి పెర్ల్ జామ్ గాయకుడు ఎడ్డీ వెడర్ పాట కట్టాడు, తన బడి రోజుల నాటి ఇంకో కుర్రాణ్ణీ అందులో కలిపాడు. పాటలో కథ చెప్పేవాడు సాధువేమీ కాదు. నేనూ వాణ్ణి ఏడిపించాను, బాగా గుర్తుంది అంటాడు. ఏమీ చేయలేడనుకున్నాం, తీరా సింహాన్ని వదిలాం అంటాడు. అందుకే నా మట్టుకు 'పలువురితో' అంటే 'పలువురితో కలిసి'. పదిమందిని వెంటేసుకుని ఒకణ్ణి నిగ్రహించడం. అప్పుడు నిగ్రహమే సరి, 'తో' కూడా సరి!

చలిచీమ: అబ్బో! 'నాకేమని' అంటున్నాడండీ, 'మాకేమని' అనలేదు. పైగా ఆ సింహం మాట పట్టుకుని మీరు ఎక్కడికి పోతారో నాకు తెలుసు. ఆ పాట వీడియోలో కుర్రాడు తుపాకీ తనవైపే తిప్పుకునే ముక్క పాటల టీవీ ఛానెల్ ఎంటీవీ కోసం కత్తిరించారు. ఇక మిగిలింది నెత్తురు పడి కొయ్యబారిపోయిన తోటి పిల్లలు. వాడే వాళ్లను కాల్చాడని జనం అనుకున్నారు. 1993లో ఎంటీవీ ఆ ఏటి ఉత్తమ వీడియో అని బహుమతి ఇచ్చింది దానికే. కత్తిరించని వీడియోను బ్యాండ్ వాళ్లు 2020లో గానీ పెట్టలేదు. ఏడిపించినందుకు పగ తీర్చుకున్నాడనే కథ కావాలి జనానికి. వాడు ఎవరినీ కాల్చలేదు.

మహేంద్రతనయ: అయ్యా, 'ని'యా, 'వి'యా? ఆదివారం దగ్గరపడుతోంది.

బరంపురం పట్టు: ఈ పద్యం అప్పజెప్పలేదని బెత్తం దెబ్బలు తిన్నదాన్ని నేను. బలవంతుడు ఎదురుగా కుర్చీలోనే ఉండేవాడు. మాస్టర్ల వెటకారం మీద ఇంగ్లండు రాక్ బ్యాండ్ పింక్ ఫ్లాయిడ్ 1979లో ఓ పాట పాడితే, లండన్‌లో ఇజ్లింగ్టన్ గ్రీన్ స్కూల్ పిల్లలే గొంతు కలిపారు. మీ అబ్బాయి అదీ పాడాలి. ఒడియా బడికి మారాక పిల్లలు 'తెలెంగా, తెలెంగా' అని గేటు దాకా వెంటపడేవారు. ఇంటికొచ్చి చెబితే పద్యం చదువుకో అనేవారు మా నాన్న. శ్రీశ్రీ శైశవగీతిలో పిల్లలకు పాపం, పుణ్యం తెలియవంటాడు చూశారూ, ఆయన్ని ఒక్కపూట మా ఐదో తరగతిలో కూర్చోబెట్టాల్సింది.

గోపాల్‌పూర్ గాలి: అమ్మా, శ్రీశ్రీని ఏమీ అనొద్దు. ఆయనన్నది "ఐదారేడుల పాపల్లారా" అని. ఐదో తరగతికి పదేళ్లు నిండుతాయి. కవి జాగ్రత్తగానే ఉన్నాడు.

బరంపురం పట్టు: ఒకటో తరగతిలోనే నా రిబ్బన్లు లాక్కున్నారు బాబూ. అప్పుడు ఆరేళ్లే.

వంశధార: శ్రీశ్రీకి వేరే పోస్టు పెట్టుకోండి. నా అన్వయానికి ఇంకా ఎవరూ జవాబివ్వలేదు.

కొలాబు: దానికేం గానీ, చలిచీమ కుట్టేదా, కుట్టనిదా? మా ఇంట్లో చిన్నగా, నల్లగా ఉండి కుట్టనిదాన్నే చలిచీమ అంటాం. కుట్టనిదాని చేతిలో పామెలా చచ్చిందో చెప్పండి.

చలిచీమ: కుట్టేదే. ఇంత చర్చలో ఉండి ఇంకా అనుమానమా?