కాలనీలు సగమైతే లుకేమియా స్టెమ్ సెల్స్ ఆగినట్టేనా?

సింహపురి_సెల్స్: ఒంగోలు నుంచి ఏఎంఎల్ (ఒక రకం రక్త క్యాన్సర్) రోగుల ఎముకమజ్జ శాంపిల్స్ కారులో నెల్లూరు వస్తాయి. ఫైకాల్ అనే ద్రవం మీద సెల్స్ వేరుచేసి ఫ్రీజ్ చేస్తాం. కరిగించాక వెనెటోక్లాక్స్‌లో (సెల్స్‌ని చావకుండా కాపాడే బీసీఎల్-2 ప్రోటీన్‌ని అడ్డుకునే మందు) 48 గంటలు ఉంచి మిథైల్‌సెల్యులోజ్ అనే చిక్కటి జెల్‌లో వేస్తే, 14వ రోజుకి కాలనీలు (ఒక్కో సెల్ నుంచి పెరిగిన గుంపులు) కంట్రోల్‌లో సగమే ఉండాయి. లుకేమియాని పుట్టించే స్టెమ్ సెల్స్ బీసీఎల్-2 మీదే బతుకుతున్నాయని రాయొచ్చా? కరిగించగానే సెల్స్ ముద్దకడతన్నాయి, డిష్‌కీ డిష్‌కీ లెక్క కలవట్లేదు.

కావలి_బెంచ్: ముద్ద సంగతి ముందు. చచ్చిన సెల్స్ వదిలిన డీఎన్ఏ జిగురది. వయల్‌ని 37 డిగ్రీల్లో చిన్న మంచుముక్క మిగిలేదాకే ఉంచి, 20% సీరం, మిల్లీలీటరుకి 100 మైక్రోగ్రాముల డీఎన్ఏస్ (డీఎన్ఏని ముక్కలు చేసే ఎంజైమ్) కలిపిన మీడియా చుక్కచుక్కగా పొయ్యండి. గబుక్కున పోస్తే ఫ్రీజింగ్‌కి వాడిన డీఎంఎస్ఓ గాఢత తేడాకి సెల్స్ పగిలిపోతాయి. ఒంగోలు నుంచి తెచ్చేప్పుడు రోహిణి ఎండలని ట్యూబుల్ని ఐసు మీద పెట్టబాకండి. రక్తం గడ్డకట్టనివ్వని హెపారిన్ ట్యూబు, 20-25 డిగ్రీల పెట్టె, 24 గంటల్లోపు ఫైకాల్.

లెక్క కలవకపోవడానికి పైపెట్ మామూలు టిప్పే కారణం అయుండొచ్చు, మిథైల్‌సెల్యులోజ్ దాని గోడకే అంటుకుపోద్ది. మొద్దు మొన 16 గేజి సూదితో సిరంజీ వాడండి, డిష్‌కి 1.1 మి.లీ. వోర్టెక్స్ చేశాక బుడగలు పైకి తేలనివ్వండి. పక్కనే నీళ్ల డిష్ లేకపోతే అంచులు ఎండిపోతాయి.

పెన్నా_హెమటో: అన్నా, 48 గంటలయ్యాక మందు కడిగారా? కడక్కపోతే అది 14 రోజులూ లోపలే ఉంటది. డిష్‌లో వేసింది సమాన వాల్యూమా, సమాన సంఖ్యలో బతికిన సెల్సా? వాల్యూమైతే మామూలు బ్లాస్టులు (ముదరని లుకేమియా సెల్స్) చచ్చినా కాలనీ లెక్క పడిపోద్ది. చచ్చిన సెల్స్‌కే పట్టే ట్రిపాన్ బ్లూ రంగుతో లెక్కబెట్టి రెండు రకాలుగానూ వెయ్యండి.

అసలు కాలనీ వేసేది ప్రొజెనిటర్, అంటే స్టెమ్ సెల్ తర్వాతి మెట్టు సెల్. స్టెమ్ సెల్ అనాలంటే ఎలుకలో లుకేమియా పెరగాలి, దాన్నుంచి తీసిన సెల్స్ రెండో ఎలుకలోనూ పెరగాలి. టొరంటోలో జాన్ డిక్ ల్యాబ్ 1994లో, 1997లో చూపించింది ఈ దారే. సెల్ పైనుండే గుర్తులు చూసి సీడీ34 పాజిటివ్, సీడీ38 నెగటివ్ అని సార్ట్ చేసినంత మాత్రాన సరిపోదు. ఎన్‌పీఎం1 జీన్‌లో మ్యుటేషనున్న శాంపిల్స్‌లో చాలావాటికి సీడీ34 ఉండనే ఉండదు.

సింహపురి_సెల్స్: మా దగ్గర ఎలుకల వసతి లేదే!

పెన్నా_హెమటో: అయితే "కాలనీ వేసే ప్రొజెనిటర్లు తగ్గాయి" అని మాత్రమే రాయండి. అదే డోసు బొడ్డుతాడు రక్తం సీడీ34 సెల్స్ మీదా పెట్టండి. అవీ సగమైతే, మీరు చూసింది లుకేమియాకే ప్రత్యేకమైన బలహీనత కాదు. ఎలుకల పని కొలాబరేటర్‌కి ఇస్తే మూడు నాలుగు సెల్ డోసుల్లో లిమిటింగ్ డైల్యూషన్ (సెల్స్ సంఖ్య తగ్గిస్తూ ఎక్కించడం) అడగండి, ఎల్డా అనే లెక్కల టూల్‌లో స్టెమ్ సెల్స్ ఫ్రీక్వెన్సీ వస్తది. గ్రాఫ్ట్‌లో (ఎలుకలో పెరిగిన మనిషి సెల్స్‌లో) తెల్లకణాల గుర్తు సీడీ45తోపాటు, ఏఎంఎల్ పుట్టే మైలాయిడ్ కణాల గుర్తు సీడీ33, టీ సెల్స్ గుర్తు సీడీ3 కూడా చూడమనండి. పేషెంటు టీ సెల్స్ పెరిగినా సీడీ45 ఎక్కువే కనిపిస్తది.