కొబ్బరి బన్ను: పిండి పులిసిపోతోంది, అడుగు పచ్చిగా ఉంటోంది. తేడా ఎక్కడ?

లంక_వంటిల్లు (అమలాపురం)

ఈ నెల ఎవరెవరు ఏమేం కాల్చారో కొలతలతో సహా చెప్పండి. ముందు నా గొడవ వినండి. బేకరీలో దొరికే కొబ్బరి బన్ను ఇంట్లో చేస్తున్నా. మూడుసార్లు చేస్తే మూడుసార్లూ ఒకేలా చెడింది.

మైదా 300 గ్రాములు, గోరువెచ్చని పాలు 150, నీళ్లు 40, పంచదార 45, వెన్న 35, ఉప్పు 5, ఇన్‌స్టంట్ ఈస్టు 6 గ్రాములు. పూర్ణానికి ఒక పెద్ద కాయ తురుము, 200 గ్రాములు వచ్చింది. అందులో 90 గ్రాముల పంచదార, కాస్త టూటీఫ్రూటీ కలిపి, పొయ్యి ఎక్కించకుండా పచ్చిదే పెట్టాను. మధ్యాహ్నం వంటింట్లో 33 డిగ్రీలు. గంటన్నర పొంగనిచ్చి, 28 లీటర్ల ఓటీజీ (బల్ల మీద పెట్టుకునే చిన్న కరెంటు ఓవెన్)లో 200 డిగ్రీల దగ్గర 25 నిమిషాలు.

పిండి గంటకే గిన్నె అంచు దాటుతోంది. వేలు పెడితే చప్పున కూలిపోతోంది, కల్లు వాసన. ఉండ చేస్తే నిలబడక అప్పంలా పరుచుకుంటోంది. పైన ఎర్రగా కాలుతోంది గానీ పూర్ణం కింద పిండి పచ్చిగానే ఉంటోంది. మర్నాటికి లోపలంతా బంక. రెసిపీలో గంటన్నర అనే రాశారు మరి. ఈస్టు మార్చాలా, మైదా మార్చాలా, ఏకంగా ఓవెనే మార్చాలా?

గోదారి_గట్టు (రావులపాలెం)

ఆ మూడూ అలాగే ఉండనివ్వండి, మార్చాల్సింది పాలు. గోరువెచ్చనివి మానేసి, కాచి చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టినవి పోయండి.

గోరువెచ్చని పాలు చలి దేశాల వాళ్ల అవసరం. వంటిల్లు 20 డిగ్రీలుంటే పిండిని వెచ్చబెట్టక తప్పదు. మనకి లెక్క తిరగబడింది. పిసకడం అయ్యేసరికి ముద్ద నడిమధ్యన 26 డిగ్రీలుండాలి. మీ కొలతల్లో అది 34, 35 దగ్గరుంటుంది. ఆ వేడికి ఈస్టు పరుగెడుతుంది, పిండికి సాగే బలం వచ్చేలోపే గ్యాసు నిండిపోతుంది. కల్లు వాసన అందుకే.

లెక్క చాలా తేలిక. ముద్ద వేడిని తేల్చేవి గది, పిండి, పోసే తడి మూడూ కాబట్టి, కావలసిన 26ని మూడుతో గుణిస్తే 78. అందులోంచి గది వేడి 33, పిండి వేడి 32, చేత్తో పిసికితే పుట్టే వేడి ఓ 4 తీసేయండి. మిగిలింది 9. అంటే పోసే తడి 9 డిగ్రీలుండాలి. మిక్సర్‌లో కలిపితే రాపిడికి 10 దాకా తీసేయాలి, అప్పుడు తడి 3 డిగ్రీలకి దిగుతుంది. మీ 150 గ్రాముల పాలు ఫ్రిజ్‌లోంచి 5 డిగ్రీలతో వచ్చి, 40 గ్రాముల నీళ్లు 30 డిగ్రీలున్నా, రెండూ కలిస్తే 10 దగ్గరకి వస్తాయి. చేత్తో పిసికేవాళ్లకి అది సరిపోతుంది, ఐసు కూడా అక్కర్లేదు. పాలు లేకుండా వట్టి నీళ్లతో చేసేవాళ్లు 190 గ్రాముల్లో 36 గ్రాములు ఐసు ముక్కలుగా వేసుకుని, కరిగాక పోయాలి.

ఈస్టుని మాత్రం చల్లటి పాలలో నేరుగా వేయకండి, పొడి మైదాలో కలపండి. 6 గ్రాములు మరీ ఎక్కువ, 3 చాలు. ఉప్పు కూడా పిండిలోనే. వెన్న ఆఖర్న. పాలు పోసి ముద్ద చేసి 15 నిమిషాలు మూతపెట్టి వదిలేస్తే పిసకడంలో సగం పని దానంతటదే అవుతుంది. తర్వాత వెన్న వేసి పది పన్నెండు నిమిషాలు పిసకండి. చిన్న ముక్క తీసి వేళ్లతో సాగదీస్తే, చిరక్కుండా అవతల వెలుతురు కనపడేంత పల్చటి పొర రావాలి. ప్యాకెట్ వెనక ప్రోటీన్ చూడండి. 100 గ్రాములకి 10 లోపుంటే ఎంత పిసికినా ఆ పొర రావడం కష్టం. గోధుమ గ్లూటెన్ (పిండికి సాగే గుణమిచ్చే గోధుమ ప్రోటీన్ పొడి) ఒకటిన్నర చెంచా కలిపితే వస్తుంది.

గడియారాన్ని నమ్మొద్దు. పిండిలోంచి 30 గ్రాముల ముక్క తీసి, సన్నని నిటారు గాజు గ్లాసులో అడుక్కి నొక్కి, దాని ఎత్తుకి రబ్బరు బ్యాండు వేయండి. ఎత్తు రెట్టింపు కాగానే గిన్నెలో పిండి కూడా సిద్ధమే. అది 50 నిమిషాలకే కావచ్చు, గంటా 20కీ కావచ్చు.

పొంగేటప్పుడు గిన్నె మీద తడిగుడ్డ కప్పి చల్లగా ఉందనుకుంటారు చాలామంది. మన గాలిలో తడి ఎక్కువ కదా, గుడ్డ ఆరదు. ఆరకపోతే చల్లబడదు. పిండి ఎండిపోకుండా ఉండటానికి తప్ప అది ఇంకెందుకూ పనికిరాదు. బేసిన్‌లో నీళ్లు పోసి, నాలుగు ఐసు ముక్కలు వేసి, అందులో గిన్నె పెట్టండి.

పులిసిపోయిన పిండిని పారేయకండి. బన్నుగా నిలబడదు గానీ, నూనె రాసిన ట్రేలో పల్చగా పరిచి ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కరివేపాకు అద్ది 220 దగ్గర 18 నిమిషాలు కాలిస్తే సాయంత్రం టీకి రొట్టె.

పాకం_చూడు (పాలకొల్లు)

పిండి సంగతి పైన చెప్పేశారు. అడుగు పచ్చికి అసలు దోషి మీ పూర్ణం. పచ్చి కొబ్బరి బరువులో దాదాపు సగం నీళ్లే. పంచదార కలిపి కాసేపు ఉంచండి, గిన్నె అడుగున రసం తేలుతుంది. ఆ రసమంతా బన్నులోకే దిగి, పిండి గంజిలా ఉడుకుతుంది తప్ప కాలదు.

తురుము 200, పంచదార 90, నెయ్యి 10 గ్రాములు, చిటికెడు ఉప్పు. మొత్తం 300 గ్రాములు. ముందు ఖాళీ బాణలిని తూచి రాసిపెట్టుకోండి. సన్న సెగ మీద కలుపుతూ, బాణలి బరువు పోను 240 గ్రాములకి రాగానే దించేయండి. అప్పటికి తురుము ఇంకా తెల్లగానే ఉంటుంది, గరిటెతో పక్కకి తోస్తే అడుగున తడి చేరదు. కొబ్బరి లౌజు పాకం దాకా తీసుకెళ్లొద్దు, ఓవెన్‌లో ఇంకాస్త ఎండి పళ్లకి రాయిలా తగులుతుంది. దించాక దోరగా వేయించిన బొంబాయి రవ్వ 10 గ్రాములు, ఏలకుల పొడి, టూటీఫ్రూటీ 30 గ్రాములు. మిగిలిన కాస్త తడినీ రవ్వ లాగేస్తుంది.

ముదురు కాయ తీసుకోండి. నీళ్లకాయ తురుములో తడి ఎక్కువ, నూనె తక్కువ, రుచీ రాదు. సగం కురిడీ (ఎండు కొబ్బరి) తురుము కలిపేవాళ్లున్నారు. తడి సమస్య పోతుంది గానీ కురిడీ పాతదైతే ముక్కిపోయిన వాసన బన్నంతా పడుతుంది, నాకైతే నచ్చదు.

బెల్లం వేస్తే 80 చాలు. కానీ బెల్లం గాలిలో తడిని పంచదారకన్నా ఎక్కువ లాగుతుంది కాబట్టి ఇంకొంచెం ముదరనివ్వాలి, వేళ్ల మధ్య ఉండ చేస్తే అంటుకోనంతగా.

పూర్ణం పూర్తిగా చల్లారాకే పెట్టాలి. వేడిగా పెడితే చుట్టూ వెన్న కరుగుతుంది, ఆవిరికి బన్నుకీ పూర్ణానికీ మధ్య పెద్ద డొల్ల వస్తుంది. మీ కొలతకి పిండి 57 గ్రాముల చొప్పున పది ఉండలు, పూర్ణం 28 గ్రాముల చొప్పున పది. బిళ్ల ఒత్తేటప్పుడు మధ్య మందంగా, అంచులు పల్చగా, బొబ్బట్టుకి చేసినట్టే. అంచుకి నూనె గానీ నెయ్యి గానీ తగిలితే అతుకు నిలవదు. అతుకు కిందికి పెట్టండి.

ఓటీజీ_రాడ్డు (భీమవరం)

ఓవెన్ మార్చక్కర్లేదు, ట్రేని కింది అరలోకి దించండి చాలు. చిన్న ఓటీజీలో పై రాడ్డు బన్నుకి మరీ దగ్గర, అందుకే పైన మాడి కింద మిగిలిపోతుంది. కింది అర, రెండు రాడ్లూ, 190 డిగ్రీలు, 22 నిమిషాలు. ఎర్ర లైటు ఆరగానే పెట్టేయకండి, అది గాలి వేడెక్కిందని చెబుతుంది తప్ప గోడలు వేడెక్కాయని కాదు. ఇంకో 10 నిమిషాలు ఆగండి. 15వ నిమిషానికే పైన రంగొచ్చేస్తే రేకు కాగితం కప్పండి. గాజు గిన్నె వద్దు, పల్చటి అల్యూమినియం ట్రే వాడండి.

గుచ్చి చూసే థర్మామీటర్ ఉంటే, పూర్ణంలో కాకుండా పిండిలో గుచ్చండి: 93 డిగ్రీలు దాటాలి. తీసిన వెంటనే జల్లెడ చట్రం మీదకి. ట్రేలోనే వదిలేస్తే అడుగున చెమట పట్టి మళ్లీ పచ్చిలా ఉంటుంది.

గోదారి_గట్టు (రావులపాలెం)

మర్నాటి బంక సంగతి మర్చిపోయాం. అది రెండు రకాలు. పూర్ణం పక్కనే తడిగా ఉంటే కారణం పాకం_చూడు గారు చెప్పిందే. అలా కాకుండా, పూర్ణానికి దూరంగా కూడా పిండి మెత్తబడి, తుంచితే సన్నటి జిగురు తీగలు సాగి, మురిగిన పండు వాసన వస్తే అది బాసిల్లస్ బాక్టీరియా. పిండిలోనే ఉంటుంది, దాని బీజాలు ఓవెన్ వేడికి చావవు, తేమా వేడీ ఉన్న వాతావరణంలో ఒక్క రోజులో లేస్తాయి. అలాంటివి పశువులకి కూడా పెట్టకుండా పారేయండి. ట్రేలు, గిన్నెలు, గట్టు వెనిగర్‌తో తుడవండి. తర్వాతి పిండిలో 300 గ్రాములకి చెంచాడు వెనిగర్ పోయండి, రుచికి తెలియదు, ఆ బాక్టీరియాకి పులుపు పడదు.

పూర్తిగా చల్లారకుండా డబ్బాలో మూత పెట్టొద్దు. కొబ్బరి ఉంది కాబట్టి బయట ఒక్క రోజే. మిగిలినవి ఫ్రిజ్‌లో కాదు, డీప్ ఫ్రీజర్‌లో పెట్టండి. ఫ్రిజ్ చల్లదనానికి రొట్టె త్వరగా గట్టిపడుతుంది. తినేముందు 150 దగ్గర 12 నిమిషాలు.

లంక_వంటిల్లు (అమలాపురం)

అందరికీ థాంక్సండి. ఇంకో రెండు. పిండిలో కూడా పంచదార బదులు బెల్లం వేయొచ్చా? మధ్యలో కరెంటు పోతే ఏం చేయాలి?

పాకం_చూడు (పాలకొల్లు)

వేయొచ్చు. బెల్లాన్ని వేడి పాలలో మాత్రం వేయకండి, విరిగిపోతాయి. ఆ 40 గ్రాముల నీళ్లలోనే కరిగించి, ఇసక పోయేలా వడగట్టి, బాగా చల్లార్చి పోయండి. రంగు గోధుమ రంగులోకి వస్తుంది, పైన త్వరగా ఎర్రబడుతుంది కాబట్టి 180కి తగ్గించండి.

ఓటీజీ_రాడ్డు (భీమవరం)

కరెంటు ఎప్పుడు పోయిందన్నదాన్ని బట్టి. పొంగేటప్పుడు పోతే పిండిని నొక్కి గ్యాసు తీసి, పల్చగా వెడల్పాటి స్టీలు డబ్బాలో పరిచి ఫ్రిజ్‌లో పెట్టండి, తలుపు తీయకండి. ఉండలా పెడితే నడుమ గంటసేపు వేడి తగ్గక పొంగుతూనే ఉంటుంది. కాలేటప్పుడు మొదటి పది నిమిషాల్లో పోతే దిబ్బరొట్టె బాణలే దిక్కు. అడుగు మందం బాణలిలో నెయ్యి రాసి, బన్నులు ఎడంగా పెట్టి, బరువైన మూతతో సన్న సెగ మీద 12 నిమిషాలు, తిప్పి ఇంకో 6. గుండ్రంగా రావు గానీ అడుగు కరకరలాడుతుంది. 15 నిమిషాలు దాటాక పోతే తలుపు తెరవకుండా పది నిమిషాలు వదిలేయండి, లోపలి వేడికే చాలావరకు అయిపోతాయి.

ఏటిగట్టు_తాడి (నరసాపురం)

ఈస్టు బదులు కల్లు పోసే పద్ధతి ఎవరూ చెప్పలేదే! గోవాలో పాతకాలం రొట్టెలు కల్లుతోనే పొంగేవి. తెల్లారి దించిన తాటికల్లు 100 గ్రాములు, పాలు 90. నాలుగు గంటలైనా పడుతుంది. మధ్యాహ్నపు కల్లు వాడితే పులుపే మిగులుతుంది. చెట్టు కింద నిలబడి పట్టించుకున్నదైతేనే వాడండి, కొన్న సీసాలో ఏం కలిపారో తెలియదు.

ఇక "ఏం కాల్చారు" అన్నదానికి: తాటిపండు కేకు. పండ్లు శ్రావణ భాద్రపదాల్లోనే కాబట్టి దొరికినప్పుడే చేయాలి. పేసం (తాటిపండు గుజ్జు) 250 గ్రాములు, బియ్యపు రవ్వ 150, బెల్లం 130, కొబ్బరి తురుము 60, నెయ్యి 40, ఉప్పు చిటికెడు. అన్నీ కలిపి మూడు గంటలు నాననివ్వాలి, లేకపోతే రవ్వ పంటికి ఇసకలా తగులుతుంది. బేకింగ్ పౌడర్ 6 గ్రాములు ఓవెన్‌లో పెట్టేముందే కలపాలి, ముందే వేస్తే నానేలోపు సత్తువ పోతుంది. ఏడంగుళాల గిన్నెలో అరటాకు పరవండి. ఆకుని మంట మీద అటూ ఇటూ చూపితే ముదురాకుపచ్చగా మెరిసి మెత్తబడుతుంది. పచ్చిదే మడిస్తే ఈనె వెంట చీలి, పిండి కారిపోతుంది. 170 దగ్గర 50 నిమిషాలు.

లంక_వంటిల్లు (అమలాపురం)

కేకు కనరు కొట్టదా అండి?

ఏటిగట్టు_తాడి (నరసాపురం)

దానంతట అది రాలిన పండైతే తక్కువ. కోసి మాగబెట్టినది కొడుతుంది. టెంకని జల్లెడ మీద రుద్దేటప్పుడు నీళ్లు రెండు చెంచాలు మించకండి, పీచు దగ్గర గట్టిగా పిండకండి. పేసాన్ని సన్న సెగ మీద పది నిమిషాలు ఉడికించి, చల్లారాక వేలితో నాకి చూడండి. అప్పటికీ నాలుక పట్టేస్తుంటే ఆ పేసం వదిలేసి ఇంకో పండు తీయండి, బెల్లం పెంచినా ఆ చేదు పోదు.