పుస్తకం సగంలో ఆగిపోయింది. పేజీలు పోయినట్టేనా?

కారందోశ (కడప): సాయంత్రం నుంచి బుర్ర పాడైపోయింది. సిరీస్‌లో తర్వాతి భాగం తెప్పించుకున్నా. శత్రువు నిండు సభలోకి వచ్చి, ఈ రాత్రికే యుద్ధం అని చెప్పి పోయింది. హీరో మనుషుల్ని కూడగట్టుకుంటున్నాడు. ఇంక మొదలు అనుకొని పేజీ తిప్పితే అట్ట! షాపతనికి ఫోన్ చేస్తే చదివేసిన పుస్తకం వాపసు తీసుకోం అంటాడు. ఇది ప్రింటింగ్ తప్పే కదా? ఎవరికైనా ఇట్లా అయిందా?

బురుజునీడ (కర్నూలు): ఏ పుస్తకం?

ఫారం16 (ప్రొద్దుటూరు): నేను ప్రెస్సులో పనిచేసినవాణ్ణి. పేజీలు ఒక్కొక్కటిగా పోవు బాబూ. పెద్ద కాగితం మీద అచ్చేసి మడత పెడితే ఒక ఫారం. మామూలుగా పదహారు పేజీలు. పోతే ఫారం మొత్తం పోతుంది, లేకుంటే ఒకే ఫారం రెండుసార్లు పడుతుంది. నంబర్లు చూడు. 112 తర్వాత 129 ఉంటే ఒక ఫారం ఎగిరిపోయినట్టు. ఇప్పుడు చాలా పుస్తకాలకు కుట్టు లేదు, అంతా జిగురే. మన ఎండలకు ఆ జిగురు ఎన్నాళ్ళు ఆగుతుంది? మేం దారంతో కుట్టిన పుస్తకాలు ఇప్పటికీ గట్టిగా ఉన్నాయి.

కారందోశ: నంబర్లు వరుసగానే ఉన్నాయన్నా. కథే లేదు.

బురుజునీడ: పుస్తకం పేరు.

కారందోశ: డ్రెస్డెన్ ఫైల్స్. ఇంకేముంటుంది?

పాతసంచిక (అనంతపురం): షికాగోలో మంత్రగాడి కథ అదేనా? ఇవి మనకు కొత్తేం కాదు. యండమూరి తులసిదళం వారం వారం సీరియల్‌గా వస్తుంటే జనం పత్రిక కోసం కాచుకొని కూర్చున్నారు. మనం క్షుద్ర నవల అన్నాం, వాళ్ళు అర్బన్ ఫాంటసీ అంటున్నారు. అంతే తేడా.

చిత్రావతి: అంతే కాదు. క్షుద్ర నవలలో చేతబడి అంటే భయం. ఇందులో హీరోనే మంత్రగాడు, ఆఫీసు పెట్టుకొని కేసులు తీసుకుంటాడు, అద్దె కట్టడానికి తిప్పలు పడతాడు. డిటెక్టివ్ నవలకు దగ్గర.

పాతసంచిక: డిటెక్టివ్ నవలలు కూడా మనకు ఎప్పటినుంచో ఉన్నాయి.

బురుజునీడ: ఎన్నో భాగం?

కారందోశ: పదహారు. పీస్ టాక్స్.

చిత్రావతి: ఈ ముక్క మొదటే చెప్పుంటే అయిపోయేది! నీ పుస్తకం బాగానే ఉంది. రచయిత జిమ్ బుచర్ దాన్ని ఒకే నవలగా అనుకున్నాడు, పెద్దదైపోతే రెండుగా విడగొట్టారు. 2020 జులైలో పీస్ టాక్స్, సెప్టెంబర్‌లో బాటిల్ గ్రౌండ్. నువ్వు ఎదురుచూస్తున్న యుద్ధమంతా రెండోదాంట్లోనే. దానికి ముందుది స్కిన్ గేమ్ 2014లో వచ్చింది. ఆరేళ్ళు ఆగి ఇది కొన్నవాళ్ళకు ఎట్లా ఉంటుందో ఆలోచించు. అట్ట మీద మొదటి సగం అని వేసుంటే ఏం పోయేదో!

కారందోశ: అట్లనా. ఇంకొకటి. హీరో శిష్యురాలు మాలీకి ఆ స్వార్టాల్వ్‌లు అనే మాయాజాతి వాళ్ళ ఇంట్లో వాటా ఎట్లా వచ్చింది? అది నాకు ఎక్కలేదు.

చిత్రావతి: అది బాంబ్‌షెల్స్ అనే చిన్న కథలో ఉంది, మాలీ తనే చెబుతుంది. 2018లో వచ్చిన బ్రీఫ్ కేసెస్ సంపుటిలో దొరుకుతుంది. హీరో, కూతురు, కుక్క కలిసి జూకి వెళ్ళే కథ కూడా అందులోదే. ఈ నవలలు చిన్న కథలు చదివారనే ధీమాతో నడుస్తాయి. నాకైతే అది నచ్చదు. బాటిల్ గ్రౌండ్ కంటే ముందు ఆ సంపుటి చదువు.

రాత్రిబస్సు: బాటిల్ గ్రౌండ్‌లో పాపం ఆ (తొలగించారు)

చిత్రావతి: బుద్ధుందా?

రాత్రిబస్సు: 2020 పుస్తకానికి ఇంకా స్పాయిలర్ ఏంది సామీ.

పాతసంచిక: తులసిదళం తర్వాత తులసి వచ్చింది. అది మాత్రం ఎవరూ అడగరు.

ఫారం16: ఇంతకీ ఆ పుస్తకం కుట్టా, జిగురా?

కారందోశ: జిగురే. సరే, థాంక్స్. బాటిల్ గ్రౌండ్ ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి, కర్నూలైనా వచ్చి తీసుకుంటా.

బురుజునీడ: ఉంది. ఇవ్వను.